జంట తుమ్ముల గిర్ని

తెల్లారేసరికి వరంగల్ మీద మబ్బు కమ్ముకుంది గానీ కురిసే ఉద్దేశం దానికి ఉన్నట్టు లేదు. గాలి కూడా ఆగిపోయింది. మట్టెవాడలో కారం పట్టే గిర్ని నడిపే కట్టయ్యకు గాలి ఆగడమంటే గుబులు. మిరప ఘాటు ఎటూ పోక పక్కింటి లక్ష్మీనర్సమ్మ గడపలోనే కూర్చుంటుంది.

ఆమె ఏటూరునాగారంలోని చెల్లెలింటికి బయల్దేరి పన్నెండు రోజులైంది. రోజూ సంచి పట్టుకుని గడప దాటబోతుంది, ఒక్క తుమ్ము వస్తుంది, అపశకునమని వెనక్కి వచ్చి కూర్చుంటుంది. చివరికి గిర్ని మూయించమని మున్సిపాలిటీలో దరఖాస్తు ఇచ్చింది. పదకొండింటికి అక్కడి కుమారస్వామి సారు గిర్నికి తాళం వేయడానికి వస్తున్నాడు.

"ఫికర్ చెయ్యకు బాపూ," అంది ఇంజనీరింగ్ చదివే కూతురు తేజస్వి, కాలేజీలో నేర్పిన సూత్రాల కాగితం గోడకు అంటిస్తూ. "ఎసొంటి చిక్కుకైనా ఇండ్ల నలభై సూత్రాలున్నయి."

"గిర్ని నడవాలె, తుమ్ము రావద్దు. ఒకటి ఇడిసిపెట్టుమంటదా నీ కాయితం?"

"ఏదీ ఇడువద్దు. గదే దీని గొప్ప."

మొదటి సూత్రం, ముక్కలు చెయ్యి. కాయల్ని దోసెడు దోసెడుగా పోశారు. గిర్నిలో గుంపుగా వచ్చే తుమ్ములు ఒక్కొక్కటిగా రాసాగాయి. పదమూడోది, తిరగేసి చూడు. ఫ్యాను తిప్పి బిగించారు. ఎదురుగా ఉన్న ఆటోస్టాండు మొత్తం తుమ్మింది.

"కట్టన్నా, గిరాకీ ఎక్కుతాండు, తుమ్ముతాండు, దిగిపోతాండు," అంటూ ఆటో కొమురెల్లి వచ్చి మొరపెట్టుకున్నాడు.

కట్టయ్య గడ్డం గీరుకున్నాడు. "బిడ్డా, ఒక్క తుమ్మైతేనే అపశకునం. రెండైతే మంచిదే గదా. ఘాటు జర పెంచుదామా?"

తేజస్వి కాగితం చూసింది. "ఇరవై రెండోది. చెరుపునే మేలు చేసుకో."

ఫ్యానును మళ్లీ మొదటిలా తిప్పి, గింజలతో సహా ఘాటు మిరప పోశారు. లక్ష్మీనర్సమ్మ గడపలో రెండు తుమ్మింది. ముఖం వెలిగింది. సంచి ఎత్తింది. మూడోది ఒంటరిగా వచ్చింది. సంచి దించింది.

అప్పుడే కుమారస్వామి వచ్చి తాళం పైకెత్తాడు. తుమ్మాడు.

"ఒక్క తుమ్ముకు ఎయ్యకుండ్రి సారూ. జర కూసోండ్రి," అంది లక్ష్మీనర్సమ్మ, తనే నీళ్లిచ్చి.

మధ్యాహ్నం రెండింటిదాకా తాళం ఐదుసార్లు లేచింది, ఐదుసార్లు కూర్చుంది.

"నన్ను ఆపిన తుమ్మే మిమ్మల్నీ ఆపుతాంది," అంది ఆమె చివరికి. "నాకో లెక్క, మీకో లెక్క ఎట్లయితది? ఆ దరఖాస్తు ఇటియ్యుండ్రి, వాపసు తీస్కుంట. అన్నం తిందురు."

అరుగు మీద నలుగురూ కూర్చున్నారు. అప్పుడు లేచింది గాలి. కుమారస్వామి విస్తరి ఎగరకుండా దాని అంచున తాళం పెట్టుకున్నాడు. నోరు తెరిస్తే తుమ్ము వస్తుందేమోనని ఎవరూ మాట్లాడలేదు.

పప్పులో కారం తక్కువైందని కూడా ఎవరూ అనలేదు.