కెప్టెన్ గారి పటం మీద పెన్సిల్ గీత

ఆ ఆదివారం పొద్దున డ్రాయింగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, నిన్న చేతికొచ్చిన సముద్ర పటాన్ని ఒకసారి శుభ్రం చేసి, పదింటికల్లా లైబ్రరీలో అప్పగించి రావాలి. సాయంత్రం ఐదింటికి అక్కడ ఆయన పాత పటాల ప్రదర్శన. బడిలో ముప్పై ఏళ్ళు బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి, పిల్లల హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా తన సంతకానికి విలువ చూడని మనిషి, ఇవాళ తన పేరు బోర్డు మీద చూసుకోబోతున్నాడు.

మాస్టారికి పాత సముద్ర పటాల పిచ్చి. ఎక్కడ ఎంత లోతుందో, ఎక్కడ రాయి పొంచి ఉందో తెలుసుకోవడానికి ఓడలవాళ్ళు వాడే పటాలు. పాత కాగితాల కొట్లలో, తుక్కు గుట్టల్లో వెతికి వెతికి నలభై ఒకటి పోగు చేశారు. అవి మంచం కింద పడుకుంటాయి కాబట్టి మంచం కింద ఉండాల్సిన పెట్టెలు వంటింట్లో, వంటింట్లో ఉండాల్సిన డబ్బాలు కిటికీల్లో ఉంటాయి. ఇంతా చేసి ఆయన సముద్రం మొహం చూసింది లేదు. నీళ్ళంటే భయం. బకెట్ నిండుగా ఉంటే ఒక చెంబెడు పారబోసి గాని స్నానానికి దిగరు.

ప్రదర్శన కోసం ఆ నలభై ఒకటీ మొన్ననే లైబ్రరీ చేరాయి. నలభై రెండో పటం ఎదురింటి కెప్టెన్ గారిది. కుర్రతనంలో ఆయన ఓడల మీద తిరిగొచ్చినవారు. వీధి వీధంతా ఆయన్ని కెప్టెన్ గారనే పిలుస్తుంది. ప్రదర్శన మాటెలా ఉన్నా, ఒక్కసారి ఆ పటాన్ని చేత్తో పట్టుకోనివ్వమని మాస్టారు పదకొండేళ్ళుగా ఆయన చుట్టూ తిరుగుతున్నారు. నిన్న సాయంత్రం ముసలాయన ఏమనుకున్నారో, స్వయంగా తెచ్చి ఇచ్చారు.

"మా మనవరాలు వస్తోంది మాస్టారూ, రేపు గోడ మీద చూస్తుంది. జాగ్రత్త. ఉన్నదున్నట్టు ఉండాలి," అన్నారు.

"ఉన్నదానికంటే బాగుంటుంది కెప్టెన్ గారూ!" అన్నారు మాస్టారు. కీడంతా ఆ మాటలోనే ఉందని అప్పటికి తెలియదు.

పొద్దున పటాన్ని బల్ల మీద పరిచి చూస్తే, ఒక మూల గోధుమరంగు మరక. అది సముద్రపు ఉప్పు మరక అయి ఉంటుందని భక్తిగా కళ్ళకద్దుకున్నారు. కాని అచ్చు గీతల మీద అడ్డదిడ్డంగా పెన్సిల్ గీత ఒకటి పాకుతోంది. మధ్యలో ఒక ఇంటూ గుర్తు. మాస్టారికి ఒళ్ళు జలదరించింది. ముప్పై ఏళ్ళు ప్రతి క్లాసులో మొదటి రోజు ఆయన చెప్పిన పాఠం ఒకటే: "ఇంకు ఆరాక పెన్సిల్ గీత మిగిల్చినవాడు మొహం కడుక్కుని సబ్బు తుడుచుకోనివాడితో సమానం." చేతికి రబ్బరు దానంతటదే వచ్చింది. సున్నితంగా, దేవుడి పటం తుడిచినంత శ్రద్ధగా రుద్దారు. రబ్బరు పొడిని పాత గడ్డం బ్రష్షుతో దులిపారు. సముద్రం తళతళలాడింది.

భార్య కాఫీ తెచ్చి, ఆ ఇంటి చట్టం ప్రకారం బల్లకి మూడు బారల దూరంలో ఆగింది. "ఏమండీ, దాని మీద గీత ఉండాలిగా?"

"ఏ గీత?"

"నిన్న మీరు లోపల పటం చుట్టే గొట్టం వెతుకుతున్నప్పుడు కెప్టెన్ గారు నాకు వేలు పెట్టి చూపించారు. ఇదేనమ్మా మా ఓడ నడిచిన దారి, ఇదిగో ఇక్కడే తుఫానులో చిక్కుకున్నాం, నా బతుకంతా ఈ గీతలో ఉంది అని కళ్ళు తుడుచుకున్నారు కూడా."

మాస్టారు రబ్బరు వైపు చూశారు. కెప్టెన్ గారి బతుకు దాని అంచున నల్లగా అంటుకుని ఉంది.

"చెరిపేశారా?" అంది భార్య చాలా మెల్లగా. ఆవిడ గట్టిగా అరిచినా అంత సిగ్గుగా ఉండేది కాదు.

"శుభ్రం చేశాను."

"బాగుంది. వీధవతలే కదా ఇల్లు, వెళ్ళి చెప్పేయండి. తిడతారు, పడండి. దేవుడు కూడా తప్పు ఒప్పుకున్నవాణ్ణే ముందు క్షమిస్తాడు."

చెప్పేద్దామనే మాస్టారు చెప్పులు వేసుకుని వెళ్ళారు. కెప్టెన్ గారు వరండాలో కూర్చుని, సాయంత్రానికి చొక్కా గుండీలు కుట్టుకుంటున్నారు. ఆ చొక్కా తెల్లదనం చూడగానే మాస్టారి నోట్లో మాట దారి తప్పింది.

"కెప్టెన్ గారూ, ఆ గీత... అదే, పటం కింద చీటీ రాయాలి గదా. మీ ఓడ ఏ దీవికి ఏ పక్కనుంచి వెళ్ళిందో ఒక్కసారి చెబితే..."

కెప్టెన్ గారి చేతిలో సూది ఆగింది. "గీత ఉందిగా మాస్టారూ! చూసి రాసుకోండి."

"మీ నోటితో వింటే..."

"అంత తుఫానులో ఎడమేదో కుడేదో ఎవరికి గుర్తుంటుందండీ? ఏం, అనుమానమా?"

"నాకా? అయ్యయ్యో, నాకెందుకనుమానం? మీకేమైనా..."

"నాకెందుకుంటుంది!"

గుమ్మడికాయల దొంగంటే ఇద్దరూ భుజాలు తడుముకుంటున్నారని మాస్టారికి ఆ క్షణాన తట్టలేదు. ఆయన తన భుజాలు చూసుకోవడంలోనే ఉన్నారు.

ఇంటికొచ్చి పటాన్ని కిటికీ దగ్గర వాలుగా పట్టుకున్నారు. వెలుగు పక్కనుంచి పడితే, కాగితం మీద పెన్సిల్ నొక్కిన సన్నటి గాడి కనిపించింది. దేవుడా, నువ్వున్నావు అనుకుని దాని వెంటే పెన్సిల్ నడిపారు. సగం దూరం బాగానే వెళ్ళింది. అక్కడ గాడి తిన్నగా ఒక దీవి ఎక్కింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎక్కింది, దిగింది కూడా. కెప్టెన్ గారి లాంటి మనిషి ఓడని కొండ మీదికి తోలతారా? తన కళ్ళకే ఏదో అయిందని, గీతని వినయంగా దీవి చుట్టూ తిప్పి తీసుకెళ్ళి, ఇంటూ గుర్తు పెట్టి, అవతలి ఒడ్డు చేర్చారు.

గీత కొత్తగా, నల్లగా, డ్రాయింగ్ మాస్టారు గీసిన గీతలాగే ఉంది. పాతబడాలని వేలితో అలికారు. సముద్రమంతా మసి పాకింది. మసి పోవాలని రబ్బరు పట్టారు. రబ్బరుతో పాటు ఒక రేవు పేరులో సగం పోయింది.

"ఏమండీ," అంది భార్య మూడు బారల అవతలనుంచి, "ఇంకా సముద్రం మిగిలిందా?"

పదింటికి పటం లైబ్రరీ చేరింది. ఆ వేళ దణ్ణం పెట్టుకోలేదన్న సంగతి మాస్టారికి దారిలో గుర్తొచ్చింది. పెట్టుకోవడానికి మొహం చెల్లలేదు. నుదుటి రాతల్ని ఆ పైవాడు ఇంకుతో రాస్తాడా, పెన్సిల్‌తోనా? పెన్సిల్‌తో అయితే ఆయన దగ్గరా ఒక రబ్బరు ఉండాలి. ఉంటే దాన్ని నా బోటివాడి చేతికెందుకిచ్చాడు?

సాయంత్రం లైబ్రరీలో ఓ నలభై మంది చేరారు. నడిమి గోడకి కెప్టెన్ గారి పటం. తెల్లచొక్కాలో కెప్టెన్ గారు మొదటి వరసలో కూర్చున్నారు. పటం వైపు ఒక్కసారీ చూడలేదు. అది తనమీద ఆయనకున్న నమ్మకమనుకుని మాస్టారు మరింత కుంగిపోయారు. మనవరాలు వచ్చింది. మాస్టారి దగ్గరే బొమ్మలు నేర్చుకున్న పిల్ల. ఓడ నడిపే చదువు ముగించి, వచ్చే వారం నిజం ఓడ ఎక్కబోతోంది. ఆ పటాలు చదవడం ఆమె వృత్తి అని మాస్టారికి అప్పుడే తట్టింది.

ఆమె గోడ దగ్గర చాలాసేపు నిలబడి, ఆశ్చర్యంగా వెనక్కి తిరిగింది.

"తాతయ్యా! నా చిన్నప్పట్నుంచీ ఈ దీవి మీదుగా వెళ్ళే ఓడ ఇవాళ చుట్టూ తిరిగి వెళ్ళిందేంటి?"

హాలంతా కెప్టెన్ గారి వైపు తిరిగింది. కెప్టెన్ గారి మొహం చొక్కా కంటే తెల్లబడింది. ముసలాయన మీద ఆ నలభై జతల కళ్ళు పడటం మాస్టారు చూడలేకపోయారు. లేచారు.

"ఆ గీత తాతగారిది కాదమ్మాయ్. నాది. అసలు గీతని పొద్దున నేనే చెరిపేశాను. చెరిపి, మళ్ళీ గీసి, చెప్పకుండా గోడకి తగిలించాను."

చెవులు కాలిపోతుండగా ఆయన నేల చూస్తూ నిలబడ్డారు. చుట్టూ గుసగుసలు పెద్దవయ్యాయి. "పెద్దాయన జ్ఞాపకాన్ని చెరిపేస్తారా!" అన్నారొకరు. "పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషేనా ఈయన!" అన్నారు ఇంకొకరు. కెప్టెన్ గారు పక్కింటాయన ఓదార్పు కాసేపు స్వీకరించారు. మూడో ఓదార్పుకి మాత్రం తట్టుకోలేక చేతికర్ర నేలకేసి కొట్టారు.

"ఆయన్నేమీ అనకండి! అసలు గీత గీసింది నేనే. ఓడలో కాదు, మా ఇంట్లో. భోజనాల బల్ల మీద."

కర్ర ఒళ్ళో పెట్టుకుని ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"నేను కెప్టెన్‌ని కాను. ఓడలో వంటవాణ్ణి. నాలుగేళ్ళు ఉల్లిపాయలు తరిగాను. సముద్రాన్ని చిన్న గుండ్రటి కిటికీలోంచి చూశాను, అదీ కళ్ళ నిండా నీళ్ళతో. ఓడని తుక్కుకి అమ్మేస్తుంటే, వంటగది అలమారాలో పరిచిన ఈ కాగితాన్ని తెచ్చుకున్నాను. వీధికి కొత్తగా వచ్చినప్పుడు ఎవరో కెప్టెన్ గారూ అని పిలిచారు. పలికాను. ఒకసారి పలికినవాణ్ణి, మర్నాడు పలక్కుండా ఎలా ఉండేది?"

"అయితే ఆ ఉప్పు మరక?" అన్నారు మాస్టారు తన అవమానం కూడా మరిచిపోయి.

"నూనె మరకండీ."

మాస్టారు పొద్దున కళ్ళకద్దుకున్న సంగతి, వంటింట్లోంచి చూసిన భార్యకి గుర్తొచ్చింది. ఆవిడ మొహానికి చేతిసంచి అడ్డం పెట్టుకుంది.

మనవరాలు వచ్చి తాతయ్య పక్కన కూర్చుంది. "నాకు తెలుసు తాతయ్యా. చదువులో చేరిన మొదటి నెల్లోనే తెలిసింది. కొండెక్కే ఓడని ఇంకా ఎవరూ కట్టలేదు."

"మరి అడగలేదేం తల్లీ?"

"మీరే చెబుతారని చూశాను. నిన్న ఫోన్‌లో మాట్లాడినప్పుడూ చూశాను." ఆమె మాస్టారి వైపు తిరిగింది. "మీ దారే నయం మాస్టారూ. ఓడ నేల తాకలేదు. నేనైనా అలాగే వెళ్తాను."

ఆ మెప్పుతో మాస్టారి సిగ్గు రెట్టింపయింది. చేయని మంచికి పొగడ్త పడటం, చేసిన తప్పుకి తిట్లు తినడం కంటే కష్టమని ఆయనకి ఆ పూటే తెలిసింది. వెళ్ళి వంటాయన చేతులు పట్టుకున్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేక పటం వైపు చూశారు.

లైబ్రేరియనమ్మ గొంతు సవరించుకుంది. "పటం తీసేయమంటారా?"

"ఉండనివ్వండమ్మా," అన్నారు వంటాయన. "చీటీ మాత్రం మార్చండి."

మాస్టారు అక్కడే కూర్చుని కొత్త చీటీ రాశారు: 'పాత సముద్ర పటం. దీని మీద ఓడ నడిపినవారు ఇద్దరు. ఒకరు వంటవారు, ఒకరు డ్రాయింగ్ మాస్టారు. నూనె మరక మాత్రం అసలుది.'

ఈసారి ఇంకుతో రాశారు. రబ్బరుని అప్పటికే భార్య తన సంచిలో వేసుకుని జిప్పు లాగేసింది.