ఆఖరి పేజీలో కియోమి తండ్రి

ఆ ఆదివారం పొద్దున ప్రేమమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటి ఆరాధన ముగించుకుని ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరాలి. పొయ్యి మీద కోడికూర పెట్టాలి. పక్క ఊరు సాతంరాయి నుంచి అమృతమ్మ తన కూతురు వినీలను వెంటబెట్టుకుని వస్తుంది. ఆమెతో కూర్చుని, తన కొడుకు ప్రేమ్ రాజ్‌కూ వినీలకూ పెళ్లి తేదీ ఖాయం చేయాలి. వినీల తండ్రి యోనాకు మస్కట్‌లో సెలవు ఏ నెలలో దొరుకుతుందో చూసుకుని తేదీ పెట్టుకుంటే సరి. ఇందులో చెడిపోవడానికి ఏముందని అనుకుందామె. కొడుకు సంగతి మరిచిపోయింది, పాపం.

ఇది శంషాబాద్‌కు విమానాలు రాకముందు మాట. ఇప్పుడు రన్‌వే ఉన్న వైపు అప్పుడు మేకలు మేసేవి. రోడ్డు పొడుగునా ద్రాక్షతోటలు ఉండేవి. గల్ఫ్ నుంచి ఎవరైనా దిగితే జీపు మాట్లాడుకుని బేగంపేట దాకా పోయి తెచ్చుకునేవాళ్లు. ఇళ్లలో ఫోన్లు లేవు. బస్టాండు పక్కన ప్రేమ్ రాజ్ పనిచేసే ఎస్టీడీ బూతే అందరికీ దిక్కు. అద్దాల తలుపు వేసుకుని మాట్లాడినా లైను సరిగా ఉండేది కాదు, గొంతు చించుకుని అరవాల్సి వచ్చేది. అందుకని ఎవరి మొగుడు ఏ దేశంలో ఏం చేస్తున్నాడో ప్రేమ్ రాజ్‌కు తెలుసని ఊరంతా గట్టిగా నమ్మేది. నిజానికి ఆ కుర్రాడికి ఒక్క ముక్క కూడా చెవికెక్కేది కాదు. వాడి బుర్ర నిండా కియోమి ఉండేది.

కియోమి ఎవరో చెప్పాలి కదా. ఆదివారం పదింటికి దూరదర్శన్‌లో వచ్చే జపాన్ బొమ్మల సీరియల్లో పిల్ల. శుభ్రంగా హిందీ మాట్లాడేది. తండ్రి ఓడెక్కి వెళ్లి తిరిగి రాకపోతే, ఒక బాతును తోడు తీసుకుని చిన్న పడవలో వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఏడాదిగా వెతుకుతూనే ఉంది. పక్కింటి పాత పట్వారీ గోపయ్య కలర్ టీవీ ముందు వీధి వీధంతా చేరేది. చిన్నా పెద్దా తేడా లేదు. గోపయ్య భార్య కౌసల్యమ్మ చాపలు పరిచి పెట్టేది. మధ్యలో కరెంటు పోతే అందరూ ఒక్కసారే "అయ్యో" అనేవాళ్లు. ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకుంటున్నారు, ఛార్జింగ్ అయిపోతే ఎవరి "అయ్యో" వాళ్లే అనుకుంటున్నారు. ఏం సుఖమో ఏమో!

వినీలకూ ప్రేమ్ రాజ్‌కూ స్నేహం కలిపింది కూడా ఆ పిల్లే. చర్చిలో పాటల సాధన అయ్యాక ఇద్దరూ మెట్ల మీద నిలబడి కియోమి గురించి వాదించుకునేవాళ్లు. వాళ్ల వాదన వింటుంటే పెద్దవాళ్లకు ఒక్క సంగతే అర్థమైంది, వీళ్లకు త్వరగా పెళ్లి చేయాలని.

అయితే ఆరు నెలల కింద ప్రేమ్ రాజ్‌కు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పత్రికల కింద, అట్టలు చిరిగిపోయిన బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. అక్షరాలన్నీ జపాన్‌వి. బొమ్మ చూడగానే కియోమి అని గుర్తుపట్టి గుండెకు హత్తుకున్నాడు. జపాన్‌లో ముందు పుస్తకం వస్తుందని, తర్వాత దాన్ని సీరియల్‌గా తీస్తారని ఎక్కడో చదివి ఉన్నాడు. అంటే తన చేతిలో ఉన్నది అసలు కథ! ఆ రోజు నుంచి వాడిని పట్టడం ఎవరి తరమూ కాలేదు. పుస్తకంలో బాతు బక్కగా ఉంటుందట, టీవీవాళ్లు బలిపించారట. పుస్తకంలో తుఫాను రెండు పేజీల్లో ముగుస్తుందట, టీవీలో మూడు వారాలు సాగదీశారట. ఒక అల లేచి పడవ మీద పడేసరికి మధ్యలో రెండు సబ్బుల ప్రకటనలు వచ్చాయట. రంగులు వేసి సముద్రాన్ని పాడు చేశారట. అన్నిటికంటే పెద్ద అభియోగం మాత్రం వేరే ఉంది. టీవీవాళ్లు కథను తలకిందులు చేశారు.

సరే, ఆదివారానికి వద్దాం. ఆ రోజే సీరియల్ ఆఖరి భాగం. తొమ్మిదింటికి అమృతమ్మ, వినీల వచ్చారు. పెద్దవాళ్లిద్దరూ వంటింట్లోకి పోయారు. ముందుగదిలో వినీల కూర్చోగానే ప్రేమ్ రాజ్ కుశలం అడగలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు, పుస్తకం తెరిచాడు.

"ఇయ్యాల టీవీల ఏం చూపిస్తరో గని, అసలు కథ నేను చెప్త విను. మొదలు తండ్రి బిడ్డను దగ్గరికి తీస్కోని అలుముకుంటడు. గడ్డం గూడ ఉంటది. ఇగ ఆడికెల్లి పోయి ఒక దీవిల ఉంటడు. గడ్డం గీకిస్తడు. ఆఖర్ల ఇంటికొచ్చి, ఓడెక్కి, చెయ్యి ఊపి, ఎటో పోతడు. పిల్ల ఒడ్డున నిలబడి ఏడుస్తది. అయిపాయె."

"గదేం కథ? తండ్రి ఓడెక్కుడు టీవీల మొదట్లనే చూపించిన్రు గద?"

"గదే నేను చెప్పేది! ఆఖర్ల ఉండేది తెచ్చి మొదట్ల పెట్టిన్రు. జపానోళ్లు లోతు మనుషులు వినీలా. ముందు నవ్విపిచ్చి ఎనక ఏడిపిస్తరు."

వినీల ముఖం చిన్నబోయింది. "నాకు గీ సీరియల్ ఎందుకిష్టమో నీకెన్నడన్న సమజైందా? మా బాపు పోయి ఐదేండ్లాయె. వస్త వస్త అంటడు, సెలవు దొరకదు. వారం వారం గా పిల్ల తండ్రి వస్తడేమో అని నేను కూసుంట. నువ్వేమో రాడు రాడు అని పుస్తకం నా ముఖం మీద పెడుతున్నవ్."

అక్కడ ఏ మగవాడైనా తగ్గుతాడు. అభిమాని తగ్గడు.

"నేనేం జెయ్యాలె? ఆయన రాడు. ఆడ ఇంకో ఆడమనిషి ఇంట్ల ఉన్నడు. ఆమెకో బిడ్డ గూడ ఉంది. ఉత్తగ చెప్తలేను, నా దగ్గర రుజువుంది."

"అయితే నీ రుజువునే పెండ్లి చేసుకో. నాకీ సంబంధం వద్దు," అని కళ్లు తుడుచుకుంటూ వినీల గోపయ్య ఇంటికి వెళ్లిపోయింది.

చాయ్ తాగుదురు రమ్మని పిలవడానికి వచ్చిన అమృతమ్మ తలుపు కర్టెన్ వెనకే ఆగిపోయింది. "మా బాపు" అని కూతురు అనడం వింది. "ఆయన రాడు, ఇంకో ఆడమనిషి ఇంట్ల ఉన్నడు, రుజువుంది" అని ఎస్టీడీ బూతు అబ్బాయి అనడం కూడా వింది. గల్ఫ్ ఫోన్లన్నీ వినేవాడు చెప్పాక ఇంకేం అనుమానం? గోడ పట్టుకుని పెరట్లోకి పోయి మెట్టు మీద కూలబడింది.

సరిగ్గా అప్పుడే జంగమ్మ పాలు పోయడానికి వచ్చింది. కారణం అడిగి తెలుసుకుని, "ఎవ్వరికి చెప్పకు వదినె" అని తనే హితవు చెప్పి, మిగిలిన ఆరు ఇళ్లకూ పాలు పోయడానికి వెళ్లింది. యోనా మస్కట్‌లో ఇంకో ఇల్లు పెట్టాడని మొదటి ఇంట్లో చెప్పింది. ఇక ఎన్నటికీ రాడని మూడో ఇంట్లో చెప్పింది. ఆరోది చర్చి గంట కొట్టే రూబెన్ ఇల్లు. "ఎందుకు రాడు? ఏమైంది?" అని రూబెన్ అడిగేసరికి ఆమెకు జవాబు తోచక కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రూబెన్‌కు అది చాలు. చెప్పులు కూడా వేసుకోకుండా చర్చి వైపు పరుగెత్తాడు.

పది నిమిషాల్లో గంట మోగింది. ఆరాధనకు మోగినట్టు గలగలా కాదు, ఒక్కో దెబ్బ ఆగి ఆగి. ఎవరైనా కన్నుమూస్తేనే అలా మోగుతుంది. ప్రేమమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చి, "ఎవరు పోయిన్రో పాపం" అని సిలువ గుర్తు వేసుకుంది. అంతలో వాకిట్లోకి నలుగురూ రానే వచ్చారు. ముందు నడుస్తున్న ఎదురింటి చంద్రమ్మ నేరుగా పెరట్లోకి వెళ్లి అమృతమ్మ మీద పడి బావురుమంది.

"యోనా అన్న ఎట్ల పోయిండు అక్కా? నిండు మనిషి!"

మొగుడు ఇంకో ఇల్లు పెట్టాడని ఏడుస్తున్న అమృతమ్మకు ఇది కొత్త వార్త. ఒక్క కేక పెట్టింది. ప్రేమమ్మ చేతిలో గరిటె కింద పడింది.

"ఎవరు చెప్పిన్రు నీకు?" అంది ప్రేమమ్మ.

"ఇంకెవరు? నీ కొడుక్కే ఫోనొచ్చిందంట గద! మా ఆయన మస్కట్‌కు ఫోన్ చేద్దామని బూతుకు పోతే తాళం ఉంది. ముచ్చట బయట పడొద్దనే తాళమేసిండు!"

ప్రతి ఆదివారం పన్నెండు దాకా బూతుకు తాళమే ఉంటుందని ఆ క్షణాన ఎవరికీ గుర్తురాలేదు. అందరూ ముందుగదిలోకి వచ్చి ప్రేమ్ రాజ్‌ను చుట్టుముట్టారు. గంట మోత విని గోపయ్య దంపతులతో పాటు వినీల కూడా పరుగెత్తుకొచ్చింది.

"రుజువుందన్నవంట, ఏది? తియ్యి," అంది అమృతమ్మ.

ఆరు నెలలుగా ఎవరూ ఆసక్తి చూపని పుస్తకాన్ని పెద్దావిడ స్వయంగా అడిగేసరికి ప్రేమ్ రాజ్‌కు ఆనందం పట్టలేదు. వెంటనే తీసి చేతిలో పెట్టాడు. అమృతమ్మ ఒక పేజీ తెరిచింది. తెలియని రాత. మంచం మీద ఒక మగమనిషి, పక్కన గంజి తాగిస్తున్న ఆడమనిషి, ఆమె బట్ట అంచు పట్టుకున్న చిన్నపిల్ల.

"దేవా! బొమ్మలు గూడ గీసి పంపిన్రు," అంది.

"అత్తమ్మా, పరేషాన్ గాకు, నేను చెప్పింది కియోమి ముచ్చట," అన్నాడు ప్రేమ్ రాజ్.

"దాని పేరు కియోమియా?" అని అమృతమ్మ మళ్లీ గొంతెత్తింది.

"అమ్మా! గది బాపు ముచ్చట గాదు, కార్టూన్ ముచ్చట!" అని వినీల మొత్తుకుంది. కానీ తల్లి వినే స్థితిలో లేదు. "నాకు నచ్చజెప్పకు బిడ్డా. ఇది అరబ్బీ రాత. చదివిపిస్తనే నమ్ముత," అని పట్టుబట్టింది.

అరబ్బీ రాత అనగానే అందరి చూపులూ గోపయ్య మీదికి పోయాయి. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదువుకున్న మనిషి. ఇప్పటికీ రోజూ ఉర్దూ పేపరు చదివితే గానీ అన్నం తినడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీ జరుపుకుని, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, ఉర్దూ పుస్తకాల అలవాటు ప్రకారం కుడివైపు నుంచి తెరిచాడు.

"ఇది ఉర్దూ గాదు. అరబ్బీ అసలే గాదు," అన్నాడు. "గని బొమ్మలు మాత్రం జోరుగున్నయ్. ఇగో, తండ్రి ఓడెక్కుతున్నడు. పిల్ల ఏడుస్తుంది, పాపం. ఇగో తుఫాను. ఓడ మునిగింది. ఎవరో ఆడామె, మంచిది, ఒడ్డుకు కొట్టుకొచ్చినోన్ని తీస్కపోయి గంజి పోస్తుంది. పిల్ల పడవేస్కొని తండ్రి కోసం దేవులాడుతుంది. అరె, తండ్రికి గడ్డం పెరిగింది చూడు..."

"తాతా, గది ఎనక దిక్కు! ఎడమకెల్లి తెరువాలె!" అన్నాడు ప్రేమ్ రాజ్.

గోపయ్య కళ్లద్దాల పైనుంచి చూశాడు. "నీకు లెక్కలొస్తయారా? పేజీ కింద ఒకటి, రెండు, మూడు ఏ దిక్కున్నయో చూసినవా?"

ప్రేమ్ రాజ్ వంగి చూశాడు. అంకెలు కుడివైపు నుంచే మొదలయ్యాయి. అక్షరాలు జపాన్‌వే గానీ అంకెలు మనం రోజూ రాసేవే. ఆరు నెలల్లో వాటి మీద వాడి దృష్టి ఒక్కసారి కూడా పడలేదు.

 గోపయ్య తన ధోరణిలో చివరి పేజీ దాకా తిప్పి, మెల్లగా అన్నాడు. "వచ్చిండు బిడ్డా. తండ్రి వచ్చిండు. పిల్లను అలుముకున్నడు."

వినీల ఆ పుస్తకం అందుకుని ఆ బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం, రెండూ చేసింది. ప్రేమ్ రాజ్ తల పైకెత్తలేకపోయాడు. "నువ్వు బాధ పడుతున్నవని చూడకుండ నేను పుస్తకమే చూసిన వినీలా. తప్పైంది," అన్నాడు. ఆ పొద్దంతా వాడు ఆడిన మొట్టమొదటి తెలివైన మాట అదే. ప్రేమమ్మ బయటికి పరుగెత్తి, "రూబెనూ, గంట ఆపు! ఎవ్వరు పోలే!" అని చర్చి దాకా వినపడేలా అరిచింది.

పదయింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఎటూ వచ్చారు కాబట్టి గోపయ్య టీవీ ముందే కూర్చున్నారు. కరెంటు ఆ రోజు దయ చూపింది. కియోమి పడవ ఒడ్డుకు చేరింది. గడ్డం పెరిగిన తండ్రి ఇసుకలో పరుగెత్తుకొచ్చాడు. అమృతమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. చంద్రమ్మ ఏడ్చింది. గోపయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "యోనా ఈ ఎండాకాలం వస్తడు, రాకుంటే నేనే పోయి తీస్కొస్త," అని అమృతమ్మ అందరి ముందూ ప్రకటించింది.

టీవీ కట్టేశాక వినీల ప్రేమ్ రాజ్ వైపు తిరిగింది. "ఇగ చెప్పు. పుస్తకం మంచిదా, టీవీ మంచిదా?"

గదిలో ఉన్న అన్ని తలలూ వాడి వైపు తిరిగాయి. పెళ్లి మొత్తం ఆ జవాబు మీద ఆగి ఉందని వాడికి కూడా అర్థమైంది. 

"టీవీలనే మంచిగ తీసిన్రు."

"తారీకు పెట్టమ్మా," అంది వినీల తల్లితో.

పెళ్లయి పాతికేళ్లు దాటింది. ఆ అభిప్రాయం నుంచి ప్రేమ్ రాజ్ ఇప్పటికీ అంగుళం కూడా కదల్లేదు, వినీల ఇంట్లో ఉన్నంతసేపు.