మనవడి కోసం మాత్రలు

గౌనిపల్లి నందీశ్‌కు ముందుచూపు ఎక్కువ. స్కూటర్ కొనక ముందే దానికి పంచరు వేసే సామాను కొన్న మనిషి. అలాంటివాడు పెళ్లయిన చాలా ఏళ్లకు తండ్రి కాబోతుంటే ఊరుకుంటాడా? భార్య ప్రేమకు ఐదో నెల వచ్చేసరికి, పుట్టబోయే బిడ్డను దాటి ఆ బిడ్డకు పుట్టబోయే బిడ్డల దాకా వెళ్లిపోయాడు.

తప్పంతా ఆవుది. చూడి ఆవుకు మినరల్ మిక్చర్ పొడి సరిగ్గా పెడితే, దాని పెయ్యదూడ కూడా పెరిగి వేళకు చూడి కడుతుందని పశువుల డాక్టరు ఎప్పుడో అన్నాడు. నందీశ్ పెట్టాడు, దూడ చూడి కట్టింది. ఇప్పుడు ఫోన్‌లో ఏదో వీడియోలో ఎవరో, కడుపుతో ఉన్న తల్లి తినే పోషకాల ప్రభావం రేపు ఆ బిడ్డకు పిల్లలు పుట్టడం మీద కూడా ఉండొచ్చన్నారు. అది ఇంకా పరిశోధనలోనే ఉందని చెప్పేలోపే నందీశ్ ఫోను జేబులో పెట్టుకుని శ్రీనివాసపురం మందుల షాపుకు బయల్దేరాడు.

సంచి నిండా మాత్రలు చూసి ప్రేమ నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఆస్పత్రిలో ఇచ్చినవి తింటానే ఉండాను కదప్పా. ఇవి ఎవరికి?”

“మన మనవడికి.”

“వాడు యాడుండాడు?”

“దారిలో ఉండాడు. మనమే రోడ్డు బాగా వెయ్యల్ల.”

డాక్టరమ్మ రాసినవి తప్ప ఒక్కటి కూడా ముట్టనని ప్రేమ తేల్చేసింది. నందీశ్ సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేనన్నాడంటే ఏదో ఉందని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

మర్నాటి నుంచి రాగిగంజి తనే కాస్తానన్నాడు. పెళ్లయినప్పటి నుంచి పొయ్యి ఏ దిక్కున ఉందో ఎరగని మనిషి. మాత్రలు నూరి, చేపనూనె క్యాప్సూల్స్ పిండి, బెల్లం దట్టించి ఆమెకొక గ్లాసు ఇచ్చేవాడు. తనకు బెల్లం మాత్రమే వేసిన గంజి. ఆవుకు నీళ్లు పెట్టావా అని ప్రేమ అడిగేది. కొట్టంలోకి వెళ్లి వచ్చేసరికి ఆమె గ్లాసు ఖాళీ. పొంగిపోయి తన గ్లాసు గటగటా తాగేవాడు. చేప వాసన వస్తున్నట్టు ఉన్నా, నూరిన చేతులది కాబోలు అనుకునేవాడు.

వారం తిరిగేసరికి అతని కడుపు బిగిసిపోయింది. బాత్రూంలోకి వెళ్తే బయటికి రాడు. చివరికొక రోజు పాలిపోయిన ముఖంతో వచ్చి, నల్లగా పోయిందని గొణిగాడు. ఎవరో చేతబడి చేశారని అతని తల్లి గురువమ్మ ఏడుపు లంకించుకుంది. నందీశ్ మంచమెక్కి ప్రేమ చెయ్యి పట్టుకున్నాడు.

“మనం ఎన్ని ఆస్పత్రులు తిరిగినాము ప్రేమా. ఎంతమందితో ఏమేమి అనిపించుకున్నాము. ఆ కష్టం మన బిడ్డకు రాకూడదనే...” అని నాలుక కరుచుకున్నాడు.

ప్రేమకు నవ్వు, జాలి ఒక్కసారే వచ్చాయి. ఆరోజు ఎలాగూ తన పరీక్ష ఉంది కాబట్టి అతణ్ణి కూడా ఆటో ఎక్కించింది.

గర్భిణుల వరుసలో నందీశ్ పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్నామె ఎన్నో నెల అని అడిగి, అతను జవాబు చెప్పబోయేసరికి అటు తిరిగి ముసిముసిగా నవ్వుకుంది.

ప్రేమకు అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పింది. నందీశ్ పొట్ట నొక్కి, ఏం మాత్రలు మింగుతున్నావంది. ఒక్కటీ లేదని అతను ఒట్టు పెట్టాడు.

“ఐరన్, క్యాల్షియం, చేపనూనె, ఇంగ పేరు తెలీనివి కొన్ని,” అంది ప్రేమ. “నాకని ఆయనే నూరినాడు మేడం. దాంట్లో సగం పారబోసి, ఆయన గంజి కొంచెం కలిపి గ్లాసులు మార్చి పెట్టినాను. ఆపిద్దామనుకుంటి, కానీ పొద్దున్నే వేడి గంజి చేతికొస్తా ఉండాది కదా.”

ఐరన్ ఎక్కువైతే కడుపు బిగిసి నల్లగానే పోతుందని, మోతాదు మించితే తల్లికీ బిడ్డకీ కీడు జరగొచ్చని డాక్టరమ్మ గట్టిగానే చివాట్లు పెట్టింది. నందీశ్ తల వంచుకుని విన్నాడు. లేవబోతూ ఆగి, మరి మనవళ్ల సంగతేమిటని మెల్లగా అడిగాడు.

ప్రేమ అతని రెక్క పట్టుకుని లేపింది.

“అది మన బిడ్డ చూసుకుంటాది. కనాలనిపిస్తే కంటాది, లేకుంటే లేదు. ఎవరన్నా ఏమన్నా అంటే మనిద్దరమూ దాని పక్కన నిలబడదాము. అంతవరకు నువ్వు ఏమీ చెయ్యకుండా సుమ్నే ఉండు. గంజి కాసేది మాత్రం మానొద్దు.”