ఒక ఇంకుడుగుంత, ఏడుగురు పెద్దమనుషులు

నీళ్లు రాకపోవడమంత మంచి పని మన హైటెక్ సిటీకి ఇంకోటి జరగలేదు!

నవ్వకండి, జర ఆలోచించండి. నల్లా తిప్పగానే నీళ్లు దూకే రోజుల్లో మనవాళ్లకు ఎదురింటివాడి పేరైనా తెలుసా? లిఫ్టులో ఇద్దరెక్కితే ఇద్దరూ ఫోన్లలో తలలు దూర్చేవాళ్లు. బోరు ఎండింది, అంతే! మనుషులు మనుషుల్ని పలకరించుకోవడం మొదలుపెట్టారు. నీళ్లు పోసి పెంచినా పెరగని స్నేహాలు, నీళ్లు లేకనే పెరిగాయి.

నమ్మకం లేకపోతే నల్లగండ్లలో సరోవర్ హైట్స్‌కు వెళ్లి చూడండి. పేరులో సరోవరం ఉంది, బ్రోషర్‌లో చెరువు బొమ్మ ఉంది, టెర్రస్ మీద ట్యాంకులు కూడా ఉన్నాయి. నీళ్లొక్కటే లేవు. అన్నీ ఒక్కచోటే కావాలంటే ఎలా?

ఆ అపార్ట్‌మెంటులో మొదటి అంతస్తులో లీదియా అనే నర్సు ఉంటుంది. బాపట్ల పిల్ల, గచ్చిబౌలిలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు డ్యూటీ. ఆమెకు ఒక మొండి పట్టు ఉంది. డ్యూటీ నుంచి వచ్చాక తలమీదనుంచి నీళ్లు పోసుకోకుండా బిడ్డను తాకదు. ఎవరో పెట్టిన రూలు కాదు. వార్డులో రోజంతా ఏమేమి ముట్టుకుంటుందో ఆమెకే తెలుసు కదా!

బిడ్డ పేరు ఏంజెల్. ఇంకా నడక రాలేదు. లిఫ్టు చప్పుడు వినబడితే చాలు, గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చి రెండు చేతులూ పైకెత్తుతుంది. లీదియా తన చేతులు రెండూ వెనక్కి దాచుకుంటుంది.

"ఆగవే నా బంగారం, ఒక్క చెంబు పోసుకుని వచ్చేస్తా" అంటూ బాత్‌రూమ్‌లోకి పరుగెత్తుతుంది. నల్లా తిప్పితే గుర్రుమని గాలి వస్తుంది.

"ట్యాంకర్ ఆన్ ద వే అని గ్రూపులో పెట్టారు లీదియా" అంటాడు భర్త సైమన్, ఏడుస్తున్న పిల్లను భుజానేసుకుని.

"పొద్దున్నించీ ఆన్ ద వేనే కదండీ! అది బొంబాయి నుంచి వస్తోందా?" తలుపుకు అటు పిల్ల ఏడుపు, ఇటు తల్లి ఏడుపు.

ఒక బకెట్టు పట్టి దాచుకోవచ్చు కదా అంటారేమో. అక్కడే మీరు పొరబడ్డారు! ఇళ్లల్లో నీళ్లు నిల్వ చేస్తే సిస్టమ్‌లో ఇంబ్యాలెన్స్ వస్తుందని కమిటీ తీర్మానం చేసింది. సైమన్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మనిషి. రూలు రాసినవాళ్లే మరిచిపోయిన రూలును కూడా అతను పాటిస్తాడు.

ఇంతకీ, తల్లీబిడ్డల మధ్య ఇంత ఆరాటం, ఇంత ఎదురుచూపు నల్లా నీళ్లున్న ఇళ్లల్లో ఎక్కడైనా చూశారా? మంచి పని అన్నానంటే ఊరికే అన్నానా!

సరే, ఇక నీళ్ల కోసం పెద్దమనుషులు కట్టిన నెట్‌వర్క్ సంగతి. సరోవర్ హైట్స్ అధ్యక్షుడు వెంకటరమణగారిది కడప జిల్లా. ఆఫీసులో ప్రోగ్రామ్ మేనేజరు, ఇంటికొస్తే నీటి మేనేజరు. వాన నీళ్లు భూమిలోకి ఇంకితే బోరు బతుకుతుందని ఆయనకు తెలుసు. గేటు పక్కన ఇంకుడుగుంత తవ్వాలన్నది ఆయన ఆలోచనే. మంచి ఆలోచన! కానీ ఒక్కరు చేస్తే అది పని అవుతుంది. ఏడుగురు చేస్తేనే గవర్నెన్స్ అవుతుంది.

అందుకని అసోసియేషన్‌తోపాటు బిల్డరును పిలిచారు. ఒక కన్సల్టెంటును పిలిచారు. చెరువుల్ని కాపాడే స్వచ్ఛంద సంస్థను, సీఎస్ఆర్ అనే సమాజసేవ కింద టోపీలు పంచే ఐటీ కంపెనీని, కాలనీ లీడరును పిలిచారు. చివరికి ట్యాంకర్ల నర్సయ్యను కూడా పిలిచారు. నీళ్ల సమస్య తీరితే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆయనే కాబట్టి, ఆయన అభిప్రాయం లేకుండా ఎలా? ఎంత ప్రజాస్వామ్యం చూడండి!

గుంత తవ్వారు. టెర్రస్ మీద పడే వాన నీళ్లు దాంట్లోకి వచ్చేలా ఒక లావుపాటి పైపు దించారు. ఇంకేం, ప్రారంభోత్సవం! తీరా ముహూర్తం పెట్టాక కన్సల్టెంటుకు అనుమానం వచ్చింది. అతిథులు గుంత చుట్టూ నిలబడాలి కదా, బూట్లకు బురదంటితే? ఐటీ కంపెనీవాళ్లు వెంటనే టైల్స్ స్పాన్సర్ చేశారు. బురద కనబడకుండా, గుంత కూడా కనబడకుండా, నున్నగా పరిచారు. సరిగ్గా గుంత నోటిమీద ఏడుగురి పేర్లతో నల్లరాతి ఫలకం బిగించారు. కొబ్బరికాయ కొట్టారు, రిబ్బన్ కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. అతిథులు చేతులు కడుక్కోవడానికి నర్సయ్య ట్యాంకర్ వచ్చింది.

లీదియా ఆ రోజే అడిగింది. "మరి నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయండీ?"

కేకు కోస్తున్న చప్పుడులో ఎవరికీ వినబడలేదు. ఆ తర్వాత ప్రతి మీటింగులో అడుగుతూనే ఉంది. ఆ సాయంత్రాలన్నీ ఏంజెల్ గుమ్మం దగ్గర చేతులెత్తుతూనే ఉంది.

"అమ్మా, ప్రాసెస్ అనేది ఒకటుంటాది గదా" అన్నారు వెంకటరమణగారు ఓపిగ్గా. "గుంత మనది, పైపు బిల్డర్‌ది. టైల్స్ కంపెనీవాళ్లవి, ఫలకం లీడర్‌గారిది. ఎవురినీ అడక్కుండా పీకేస్తే ఎట్లమ్మా?"

"మరి వాన ఎవరిదండీ?"

ఆయన డైరీ తెరిచారు. "దానికి ఒక సబ్ కమిటీ ఏద్దాం" అన్నారు.

సబ్ కమిటీ వేశారు. అది కూర్చుని టీ తాగేలోపే ఒక సాయంత్రం వాన ఎవరి అనుమతీ తీసుకోకుండా వచ్చేసింది! కుండపోత! టెర్రస్ మీద పడ్డ నీళ్లన్నీ పైపులోంచి దూకి, టైల్స్ మీద జారి, ఏడుగురి పేర్లనూ శుభ్రంగా కడిగి, ర్యాంపు మీదుగా సెల్లారులోకి దిగిపోయాయి. సెల్లారులో కార్లు మునిగాయి, మోటారు మునిగింది. మోటారు మునిగింది కాబట్టి పై అంతస్తులకు నీళ్లు బంద్. మోకాళ్లలోతు నీళ్లల్లో నిలబడి నీళ్లు లేవని బాధపడే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి?

లీదియా స్కూటీ మీద తడిసి ముద్దయి వచ్చేసరికి నర్సయ్య గేటు దగ్గర హుషారుగా ఉన్నాడు. ట్యాంకర్ పైపు సెల్లారులో వేసి నీళ్లు తోడేస్తున్నాడు.

"నమస్తే మేడం! పొద్దుగాల నీళ్లు దెస్త, పొద్దుమీకి నీళ్లు దీస్కపోత. రెండు దిక్కులా గిరాకీ! జర మీ మీటింగులు మాత్రం బంద్ చెయ్యకుండ్రి" అన్నాడు. పాపం, మనసులో ఏమీ దాచుకోని మనిషి.

లాబీలో వెంకటరమణగారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఫలకం కదిలించడానికి తనతో కలిపి ముగ్గురు ఒప్పుకున్నారు. ఇద్దరు ట్రాఫిక్‌లో ఉన్నారు. ఇద్దరు మెయిల్ పెట్టమన్నారు.

లీదియా తలెత్తి చూసింది. బాల్కనీలో సైమన్ చంకలో ఏంజెల్ అమ్మను చూసి కేరింతలు కొడుతోంది. రెండు చేతులూ వాన వైపు చాపింది. లీదియాకు గుండె తరుక్కుపోయింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

"చంద్రయ్యా, గడ్డపార ఎక్కడుంది?" అంది.

వాచ్‌మన్ చంద్రయ్య భయపడ్డాడు. "నన్నడగకుండ్రి మేడం, నా నౌకరీ పోతది. అగో, మీటర్ల రూము ఎనక ఉన్నది" అన్నాడు.

ఎమర్జెన్సీ వార్డులో ముందు ప్రాణం నిలబెడతారు, సంతకాలు తర్వాత చూసుకుంటారు. లీదియాకు వచ్చిన పద్ధతి అదొక్కటే. ఫలకం సందులో గడ్డపార దూర్చి ఒక్క ఊపు ఊపింది. ఏడు పేర్లూ ఒక్కసారే లేచాయి. కింద ఎండిపోయిన గుంత నోరు తెరుచుకుని ఉంది. నీళ్లు అందులోకి గటగటా దిగాయి.

"ఏందమ్మా ఇది! ఎవురినడిగి పీకినావు?" వెంకటరమణగారు గొడుగు లేకుండానే పరుగెత్తుకొచ్చారు.

"ఎవర్నీ అడగలేదండీ. కాస్త పక్కకు జరుగుతారా?"

గంట నుంచి కురుస్తున్న వానకు టెర్రస్ కడిగేసినట్టుంది. పైపులోంచి తేటనీళ్లు దూకుతున్నాయి. చంద్రయ్య గదిలోంచి బకెట్లు రెండు తెచ్చి పైపు కింద పెట్టింది లీదియా. నిండాయి. రెండూ మోసుకుంటూ మెట్లెక్కింది. తీర్మానం ప్రకారం అది నిల్వ నేరం కూడానండోయ్!

పాఠకులారా, ఇప్పుడు చెప్పండి. ఇంతమంది పెద్దమనుషులు ఇన్నాళ్లుగా చెమటోడ్చి కట్టుకున్న నెట్‌వర్క్‌ను ఒక నర్సు గడ్డపారతో కూల్చేస్తే ఊరుకుంటామా? అందరూ ఇలాగే తయారైతే నీళ్లు భూమిలోకి పోతాయి, బోర్లు నిండుతాయి, నల్లాలు పారతాయి. అప్పుడు ఏ మొహం పెట్టుకుని మీటింగు పెడతాం?

కమిటీ ఊరుకోలేదు. వాన వెలవకముందే గ్రూపులో షోకాజ్ నోటీసు పెట్టింది. స్టేక్‌హోల్డర్ల ఆమోదం లేకుండా ఇంకుడుగుంతలోకి నీళ్లు ఎందుకు వదిలారో వెంటనే రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట.

సైమన్ కంగారుపడుతూ ఫోన్ తెచ్చి పెళ్లాం ముందు పెట్టాడు. "ఏదో ఒకటి టైప్ చెయ్యి లీదియా, అందరూ చూస్తున్నారు."

ఆ రెండు బకెట్లూ తలమీదనుంచి పోసుకుని వచ్చి, తడి జుట్టు ఇంకా తుడుచుకోలేదు లీదియా. ఏంజెల్ ఆ జుట్టును రెండు గుప్పిళ్లతో పట్టుకుని, అమ్మ మెడలో మొహం దూర్చేసింది.

"చేతులు ఖాళీ లేవండీ" అంది లీదియా.