గొరొంబే కన్నీరు

సెలూన్ల సంఘం మీటింగు ఆదివారం పెట్టారని మా ఆయన అన్నప్పుడే నాకు తెలిసిపోయింది, ఈ మనిషి ఏదో ఎత్తు వేశాడని. మా టోక్యోలో సెలూన్లకి సెలవు సోమవారం. ఆదివారం గిరాకీ వదిలేసి మీటింగుకెళ్ళే సెలూన్‌వాడు ఇంకా పుట్టలేదు.

"ఆదివారమా?" అన్నాను.

"అర్జంటు," అన్నాడు.

"ఏమంత అర్జంటు? ఊరందరికీ ఒకేసారి జుట్టు రాలిపోయిందా?"

"పెద్ద విషయాలు షిగే, నీకు తెలియవులే," అని చెప్పులేసుకున్నాడు. గడప దాటగానే ఈల అందుకున్నాడు. మీటింగుకి ఈల వేసుకుంటూ వెళ్ళే మగాణ్ణి మీరెవరైనా చూశారా?

ఆయన పేరు తొమెకిచి. మా బజారు వీధిలో మాత్రం తీపి తొమెకిచి. చిన్నప్పుడు పాలకి బదులు పాకం పట్టారేమో అనిపించేది. చివరికి డాక్టరు చూసి, "ఇలాగే తింటే కళ్ళు పోతాయి," అని తేల్చేశాడు. మా మామగారికీ అంతే అయింది. ఆఖరి రోజుల్లో గోడలు తడుముకుంటూ తిరిగారు. తన గిన్నె ఏదో, నా చెయ్యి ఏదో తెలిసేది కాదు. అది కళ్ళారా చూసినదాన్ని కాబట్టి నాకు నిద్ర పట్టేది కాదు. ఆయన మాత్రం గుర్రు పెట్టేవాడు.

నేను వీధిలో ఒక్కో మిఠాయి కొట్టుకీ వెళ్ళి తలవంచి చెప్పుకున్నాను. "మా ఆయనకి అమ్మకండి. సెలూన్‌వాడికి కళ్ళు పోతే ఆయన కళ్ళతో ఆగదు, మీ చెవులూ పోతాయి."

అది బాగా పనిచేసింది. మర్నాటి నుంచి ఆయన కనబడితే, మోచి అనే బియ్యప్పిండి మిఠాయిలమ్మే ముసలమ్మ పట్టపగలే కొట్టు తలుపు మూసేసేది.

ఆ ఆదివారం మా వీధి వేసవి పండగ. వరసగా కాగితం లాంతర్లు, డప్పులు, ఎండ. అన్నిటికంటే పెద్ద విశేషం, గొరొంబే వస్తోంది!

టీవీలో పిల్లల బొమ్మల కథల్లో గొరొంబేకన్నా చేతకాని రోబో లేదు. ఎగరలేదు, యుద్ధం చెయ్యలేదు, మాటైనా రాదు. అన్నం కుక్కరు లాంటి పొట్ట, లాంతర్లలాంటి పచ్చటి కళ్ళు. కష్టంలో ఉన్న పిల్ల పక్కన వచ్చి కూచుంటుంది. ఆ పిల్ల చెప్పిందంతా వింటుంది. విన్నానన్నట్టు కళ్ళు వెలిగిస్తుంది. అంతే. ఆ కళ్ళు వెలిగితే చాలు, టీవీ ముందు మా అమ్మాయి అన్నం నమలడం ఆపేసేది. నేను వడ్డించడం ఆపేసేదాన్ని.

గొరొంబే వేషం కట్టినవాడు నోరు విప్పకూడదు. పిల్లల ఎదుట తల తియ్యకూడదు. లోపల మనిషున్నాడని పెద్దవాళ్ళం కూడా అనం. తెలిసినా అనం.

ఇదిగో, మా ఆయన ఎత్తు అక్కడే ఉంది. మీటింగని చెప్పి వెళ్ళి ఆ వేషం కట్టుకున్నాడు. తర్వాత తనే చెప్పాడు. ఆ వేషం తలలో, నుదుటి దగ్గర, చల్లదనానికి ఐసు ముక్కలు పెట్టుకునే చిన్న అర ఉంటుందట. ఐసుకి బదులు అందులో వరాబిమోచి పెట్టాడు! అంటే జెల్లీలా వణికే ముక్కలు, మీద నల్లబెల్లం పాకం. పక్క ఊరికెళ్ళి కొనుక్కొచ్చాడు. వీధి వీధంతా కాపలా కాస్తున్నా, వీధి మధ్యలో నించుని, అందరి కళ్ళముందూ తింటాడన్నమాట. దొంగతనానికి ఇంత ధైర్యమా అని నేనే ముక్కున వేలేసుకున్నాను.

నేను వెళ్ళేసరికి గొరొంబే ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు. దాని ఎడమ చెయ్యి చచ్చుగా వేలాడుతోంది. లోపల ఆ చేత్తో ఈయన ముక్కలు నోట్లో వేసుకుంటున్నాడు కదా!

"పాపం, చెయ్యి చెడిపోయింది," అంది ఒక పిల్ల. పక్క పిల్ల ఆ ఖాళీ చేతిని నిమిరి ఊదింది.

ఇంకో పిల్లాడు వెళ్ళి వాటేసుకున్నాడు. గొరొంబే కుడిచేత్తో వాడి మెడ వెనక టపటపా దులిపింది. తర్వాతి పిల్లకీ అంతే, మెడ వెనక టపటపా. జుట్టు కత్తిరించాక వెంట్రుకలు దులిపే దులుపు అది. పెళ్ళయిన నాటి నుంచీ చూస్తున్నాను. ఆ దులుపుకి నా ఒళ్ళు మండిపోయింది.

'ఉండు, నీ సంగతి చెప్తా,' అనుకుని వరసలో నించున్నాను. చెవిలో చెప్పాల్సిన తిట్లన్నీ సిద్ధం చేసుకున్నాను.

నా ముందున్న పిల్ల గొరొంబే చెవి దగ్గర నోరు పెట్టి చాలాసేపు చెప్పింది. చచ్చిపోయిన చిలక గురించి. కళ్ళు వెలిగాయి. ఆ పిల్ల ముఖం కడుక్కున్నట్టు తేటపడి వెళ్ళింది. ఆ తర్వాత చేపలకొట్టు ఇవబుచి గారి తల్లి. వీధిలో ఎవరికీ తలవంచని మనిషి, ఆవిడ కూడా ఏదో గొణిగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

నా వంతొచ్చింది. గొరొంబే నా వైపు తిరిగింది. లోపల మా ఆయన గుటక మింగిన చప్పుడు వినబడింది. అంత దగ్గర. తెలుసు నాకు, లోపలున్నది ఎవరో, ఏదో తీపి తింటున్నాడనీ. అయినా ఆ పచ్చటి కళ్ళు వెలిగేసరికి, ఏమైందో చెప్పలేనమ్మా. డప్పులు దూరమైపోయాయి. సిద్ధం చేసుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"గొరొంబే గారూ," అన్నాను. "మా ఆయన తీపి మానడు. నాకు భయమేస్తోంది. మామగారిలా ఈయనా గోడలు తడుముకుంటే నేను చూడలేను. నేను ఎదురుగా నించుంటే 'ఎవరది' అని అడుగుతాడేమో. ఆ మాట వినే బలం నాకు లేదు. ఈయనతో పోట్లాడకపోతే నాకు పొద్దు గడవదు. ఎలాగైనా ఈయన కళ్ళు కాపాడండి."

గొరొంబే తల కిందికి వాలింది. మెల్లగా, ఎడమ కంటి నుంచి నల్లటి చుక్క ఒకటి జారి చెంప మీదికి వచ్చింది. వెనకాలే ఇంకొకటి.

మైకు ఇవబుచి, అదే చేపలకొట్టాయన, మైకు పట్టుకుని కూడా ఒక్క క్షణం మాట్లాడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అలా నోరు మూయడం అదే మొదలు. తర్వాత మైకులోనే గుసగుసగా అన్నాడు, "గొరొంబే... ఏడుస్తోంది."

ఇంకేముంది! డప్పులవాళ్ళు డప్పులు దించేశారు. ముసలమ్మలు చేతులు జోడించారు. పిల్లలు, "ఏడవకు గొరొంబే, ఏడవకు," అంటూ కొనుక్కున్నవన్నీ తెచ్చి దాని కాళ్ళ దగ్గర పెట్టారు. పీచు మిఠాయి, పాకం ఆపిళ్ళు, బెల్లం బిస్కెట్లు, మోచి ఉండలు. మా ఆయన జన్మలో అన్ని మిఠాయిలు తనకోసం ఒకచోట చేరడం చూసి ఉండడు. చేరాయి, కానీ వందల కళ్ళు చూస్తుంటే ముట్టుకునే దారేది?

దీనికి తోడు చీమలు. పాకం వాసనకి బారులు కట్టి గొరొంబే మెడ లోపలికి దూరాయి. గొరొంబే ఒకసారి ఎగిరింది. ఒకసారి మెలికలు తిరిగింది. "నాట్యం చేస్తోంది! మన ఓదార్పుకి సంతోషించింది!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇవబుచి మైకులో, "గొరొంబే గారు చీకటిపడేదాకా మనతోనే ఉంటారు!" అని ప్రకటించాడు. లోపల్నుంచి సన్నటి మూలుగు నాకొక్కదానికే వినిపించింది.

జాలేసింది. "గొరొంబే గారికి ఎండ దెబ్బ తగిలేలా ఉంది, కాసేపు నీడన కూచోనివ్వండి," అని చెయ్యి పట్టుకుని గుడారం వెనక్కి నడిపించుకెళ్ళాను. తల ఊడదీశాను. చెమట, పాకం, చీమలు, వాటి మధ్యలో మా ఆయన.

"నేనని ఎలా తెలిసింది?" అన్నాడు.

"మెడలు దులిపే రోబో ఏ దేశంలో ఉందయ్యా?"

"తెలిసే దండం పెట్టావా?"

"నీకు పెట్టానా ఏంటి? గొరొంబేకి పెట్టాను."

ఆయన తల దించుకున్నాడు. నేను తువ్వాలుతో ముఖం తుడుస్తూ, "పాకం కారడం చూసి జనం మోసపోయారు," అన్నాను.

"అంతా పాకం కాదే," అన్నాడు నెమ్మదిగా.

నేను తుడవడం ఆపేశాను. సరిగ్గా అప్పుడే గుడారం తెర కదిలింది. చిలక చచ్చిపోయిన ఆ పిల్ల, చేతిలో ఒక మోచి ఉండ పట్టుకుని లోపలికి వచ్చేసింది. గొరొంబే ఒంటి మీద సెలూన్ మామయ్య తల. మా ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ పిల్ల బెదరలేదు. కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది. "మామయ్యా, నీ కష్టం చెప్పుకోడానికి ఏకంగా లోపలికే వెళ్ళావా?" అంది.

మా ఆయన నా వైపు చూశాడు.

"అవునమ్మా," అన్నాడు.

"మరి గొరొంబే నీకేం చెప్పింది? నోరు లేదుగా?"

"లోపలికి వెళ్తే వినిపిస్తుంది," అన్నాడు. ఆ మోచి ఉండని చూశాడు. చాలాసేపే చూశాడు. "తీపి మానెయ్యమంది."

ఆ పిల్ల గాలిలా బయటికి పరిగెత్తింది. మైకు ఇవబుచికంటే గట్టి గొంతు దానిది. చీకటిపడే లోపల గొరొంబే ఆజ్ఞ వీధి దాటి, స్టేషను దాటి వెళ్ళింది.

డాక్టరుకిచ్చిన మాట ఆయన గుమ్మంలోనే మర్చిపోయేవాడు. నాకిచ్చిన మాట నా ఎదురుగానే తప్పేవాడు. గొరొంబే మాట అలా కాదు. జుట్టుకని కుర్చీ ఎక్కిన ప్రతి పిల్లా అద్దంలోంచి ఆయన్ని చూస్తూ, "మామయ్యా, తీపి తిన్నావా?" అని అడిగేది. కత్తి చేతిలో ఉన్నవాడు పిల్లల మొహం మీద అబద్ధం ఎలా చెప్తాడు? "లేదమ్మా," అనేవాడు. అనడం కోసం నిజంగానే మానాల్సి వచ్చింది.

ఆయన పోవడానికి ఏడాది ముందు దాకా కూడా మా ఇంట్లో సూదిలో దారం ఎక్కించింది ఆయనే, నేను కాదు. ఎక్కించి నా చేతికిస్తూ ప్రతిసారీ అదే దెప్పు.

"ఇంత సన్నం బెజ్జం కనిపిస్తోంది షిగే. పంచదార డబ్బా మాత్రం ఎక్కడ దాస్తావో, కనిపించి చావదు."

"నీకు చూపు ఆనట్లేదేమో," అనేదాన్ని, దారం ముడేసుకుంటూ.