మవాలే రూమ్ ఇంధన విధానం

సిలిండర్‌లో గ్యాస్ అయిపోవడాన్ని మించిన వరం లేదు! నవ్వకండి. చమురు దేశంలో ఉంటూ, శుక్రవారం పూట పొయ్యి ఆరిపోయిన అనుభవంతో చెబుతున్నాను.

మస్కట్ పక్కన అల్ మవాలేలో మా రూమ్. అయిదుగురం, ఒక పొయ్యి, ఒక సిలిండర్. దాని మీద మాకొక రాజ్యాంగం ఉంది: ఎవరి వంతులో గ్యాస్ అయిపోతే కొత్త సిలిండర్ వాళ్లే మోసుకురావాలి. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని వంటకు ముందు ప్రతివాడూ సిలిండర్‌ను ఎత్తి చూస్తాడు, ఊపి చూస్తాడు, చెవి పెట్టి వింటాడు. తేలిగ్గా ఉందా? ఆ పూట వాడికి ఉపవాసం! దేవుడి పేరు చెప్పి నేనెన్నిసార్లు పస్తున్నానో! పెద్ద పెద్ద దేశాలు మాత్రం చేసేదేమిటి? నా హయాం గడిస్తే చాలు, తర్వాతివాడి తిప్పలు వాడివి!

మా రూమ్‌కి ఇంధన శాఖ మంత్రి రఘుపతి. జగిత్యాల మనిషి. గ్యాస్ పైప్‌లైన్ సైట్‌లో కందకం తవ్వే డ్యూటీ. రోజూ భూమిలోకి దిగుతాడు కాబట్టి భూగర్భం సంగతులన్నీ తనకే తెలుసని అతని నమ్మకం.

"మన నేలల మన పెట్రోలు, మన గ్యాస్ ఉండాలె. అయిపోకముందే నిల్వ వెట్టుకోవాలె. పరాయోని మీద ఆధారపడ్డ దేశం ఎన్నడన్న బాగుపడ్డదా?" అని మంచం మీద బాసింపట్టు వేసుకుని అడిగేవాడు. పక్క మంచం జితేందర్, నేను తలలూపేవాళ్లం. రూమ్‌లో రెండో సిలిండర్ ఎందుకు లేదని ఎవరమూ అడగలేదు.

మొన్న శుక్రవారం మంత్రిగారికే పరీక్ష వచ్చింది. భూమేశ్ కంపెనీ వదిలేసి మర్నాడే ఊరికి పోతున్నాడు, ఇక తిరిగి రాడు. రూమ్‌లో అందరికంటే పాతవాడు, నోట్లో నాలుక లేని మనిషి. అతనికి చివరి దావత్ తానే వండుతానని రఘుపతి మాటిచ్చాడు. మటన్ పొయ్యి మీదికి ఎక్కించాడు. ముక్క సగం ఉడికేసరికి మంట ఎర్రబడి, చిన్నబోయింది.

రఘుపతి గుండెలో రాయి పడింది. ఇన్నేళ్లు కలిసి ఉన్న మనిషిని పచ్చి మటన్ పెట్టి పంపడమా!

"ఆగుండ్రి! సిలిండర్ మీద ఉడుకు నీళ్లు పోస్తే అడుగున ఉన్న గ్యాసంత పైకొస్తది" అన్నాడు.

మటన్ గిన్నె దించి, అదే పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. మేమంతా చుట్టూ నిలబడి భక్తిగా చూశాం. నీళ్లు గోరువెచ్చనవుతుండగా మంట టప్‌మని ఆరిపోయింది. ఉన్న కాస్త గ్యాసూ నీళ్లకే ఖర్చయింది!

"ఏంది భయ్యా, గ్యాస్ తీసేదానికి గ్యాసే కాలిస్తివా?" అన్నాడు ఖాదర్. అతనిది కడప, ఏదైనా మొహం మీదే అనేస్తాడు.

"దాన్ని పెట్టుబడి అంటరు" అన్నాడు రఘుపతి.

ఇక రాజ్యాంగ చర్చ. గ్యాస్ అయిపోయింది నీళ్ల కింద కాబట్టి అది వంటే కాదని రఘుపతి. ఆ పూట వంతు తనదే అయినా, దావత్ వంట వంతులోకి రాదని జితేందర్. పొద్దంతా స్టీరింగ్ తిప్పే చేతులతో సిలిండరా అని ఖాదర్. రచయితలకు నడుంనొప్పి మినహాయింపు ఉండాలని నేను. ఆకలి కూడా మరిచిపోయి వాదించుకున్నాం.

అంతలో తలుపు దగ్గర ఇనుము గీసుకున్న చప్పుడు. దావత్ కోసం ఇస్త్రీ చొక్కా వేసుకున్న భూమేశ్, ఖాళీ సిలిండర్‌ను భుజానికెత్తుకుంటున్నాడు. మేమెవరమూ ఆశ్చర్యపోలేదు. అతను సిలిండర్ మోయడం మాకు మామూలే.

అప్పుడు తట్టింది రఘుపతికి. ఇన్నేళ్లూ ఎవరి వంతులో అయిపోయినా, మేం ఇలా వాదించుకుంటూ ఉండగానే కొత్తది వచ్చేది. తెచ్చింది ప్రతిసారీ భూమేశే.

"ఇగో అన్నా, నువ్వాగు! నీ దావత్‌కు నువ్వే మోస్తవా?" అంటూ రఘుపతి సిగ్గుపడుతూ పోయి సిలిండర్ పట్టుకున్నాడు.

భూమేశ్ వదల్లేదు. "ఇయ్యాల నేను తెస్త తియ్యి తమ్మీ. రేపటిసంది ఎవలు తెస్తరో అది సూసుకోండ్రి."

వరమని ఊరికే అన్నానా? ఆ పొయ్యి ఆరకపోతే, పరాయోని మీద ఆధారపడ్డ దేశం మా రూమేనని మాకెలా తెలిసేది?

ఇద్దరూ చెరో పక్క పట్టుకుని మెట్లు దిగారు. నేను మాత్రం ఊరుకున్నానా? మటన్ గిన్నె మీద మూత పెట్టి, ఈ వ్యాసం మొదలుపెట్టాను.