పదిహేను అడుగులు, రాయమల్లు పాదం

బాస్కెట్‌బాల్‌లో నిలబడి బుట్టలోకి బంతి వేసే ఫ్రీ త్రో గీత బోర్డుకు పదిహేను అడుగుల దూరంలోనే ఉండాలని పట్టుబట్టేవాళ్లు పిల్లల ఆత్మవిశ్వాసానికి శత్రువులు! గోదావరిఖనిలో మా కాలనీ స్పోర్ట్స్ కమిటీ సెక్రటరీ హోదాలో, పూర్తి బాధ్యతతో ఈ మాట చెబుతున్నాను.

మా బాస్కెట్‌బాల్ కోర్టునే చూడండి. నిరుడు కొత్తగా సిమెంటు వేసి, గీతల పని రాయమల్లుకు అప్పగించాం. ముప్పై ఏళ్లు గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి రిటైరైన మనిషికి నాలుగు గీతలొక లెక్కా? "బోర్డు నుంచి పదిహేను అడుగులు" అని కాగితం మీద రాసిచ్చాం. అడుగులే కదా! బోర్డుకు సరిగ్గా కింద నిలబడి, వేలికి మడమ ఆనిస్తూ పదిహేను అడుగులు వేశాడు. అక్కడ గీత కొట్టాడు.

గని బూట్లతో నడిచినా దాదాపు సరిపోయేది. కానీ ఆ పొద్దునే కోర్టుకు పూజ చేసి కొబ్బరికాయ కొట్టాం. "పూజైన జాగల బూట్లేసుకొని ఎట్ల తొక్కుత సార్?" అంటూ వాటిని గేటు దగ్గరే విప్పేశాడు. ఆయన వట్టి పాదం పది అంగుళాలు. అలా మా గీత పన్నెండున్నర అడుగుల దగ్గర పడింది. భక్తి వల్ల రెండున్నర అడుగులు కలిసొచ్చిన కోర్టు దేశంలో ఇంకోటి ఉందా?

ఫలితాలు చూడండి మరి! పుట్టి బుద్ధెరిగి బంతి పట్టని సంపత్, ఫస్ట్ షిఫ్టు దిగి వస్తూ వరసగా నాలుగు వేసి భార్యకు ఫోన్ చేశాడు. ఐలవ్వ కూరగాయల సంచి చంకలోంచి దించకుండానే ఒకటి వేసింది. ఇంతమంది సంతోషాన్ని ఎవరైనా టేపు పెట్టి కొలుస్తారా?

ఒకరు కొలిచారు. మెకానిక్ బద్రుద్దీన్ కూతురు తస్లీమా, ఇంటర్ చదువుతోంది. మా కోర్టులో పదికి పది వేసే పిల్ల. పోయిన నెల మంచిర్యాలలో సెలెక్షన్స్‌కు వెళితే, పదింట్లో ఎనిమిది రింగును తాకకుండానే కింద పడ్డాయట. తిరిగొచ్చి, నాన్న షెడ్డులోంచి టేపు తెచ్చి కొలిచి, నా ముందు నిలబడింది.

"కాకా, గీ పదిహేను అడుగులు ఎవ్వరి అడుగులు?"

నేను తొణకలేదు. మంచిర్యాల పెయింటర్ పాదం మరీ పెద్దదేమో కనుక్కోమన్నాను.

"మల్ల పదిహేను రోజులల్ల ఇంకో సెలెక్షన్ ఉంది. వచ్చే ఏడు నా వయసు దాటిపోతది. గీత మార్చుండ్రి కాకా."

గీత మార్చడమంటే మాటలా? "ప్రమాణాల ప్రకారం నిర్మితం" అని శిలాఫలకం చెక్కించాం. మార్చాలంటే మీటింగ్ పెట్టాలి. మా సభ్యులు ముగ్గురూ మూడు షిఫ్టుల్లో ఉంటారు, ఒక్కచోట కూర్చునేదెప్పుడు? సంగతి తెలిసి రాయమల్లు రంగు డబ్బా పట్టుకొని పరుగున వచ్చాడు. "తప్పు నాదే బిడ్డా, నేనే గీస్త" అంటున్నాడు. కమిటీ తీర్మానం లేకుండా కుదరదని పంపేశాను. ముసలాయన ముఖం చిన్నబోయింది.

పాఠకుల దగ్గర దాపరికం ఎందుకు? "స్వయంగా టేపుతో కొలిచి సరిచూశాను" అని గీత కొట్టిన రోజు కోర్టు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది నేనే. అప్పుడు నీడన కూర్చొని చాయ్ తాగుతున్నాను, టేపు ముట్టుకోలేదు. గీత జరిగితే ముందు బయటపడేది నా సంతకమే.

తస్లీమా ఆగలేదు. టేపు పెట్టి, సుద్దతో తనే గీత గీసుకొని రోజూ అక్కడి నుంచి పదేసి బంతులు వేస్తోంది. మొదట మూడు, తర్వాత ఐదు, నిన్న ఏడు! కోర్టును పాడుచేస్తోందని నోటీసు ఇవ్వక తప్పలేదు. అనధికార గీత ఎక్కడుందో నోటీసులో రాయాలి కదా? జీవితంలో మొదటిసారి వంగి, టేపు పట్టి కొలిచాను. "బోర్డు నుంచి సరిగ్గా పదిహేను అడుగుల దూరంలో" అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చాను.

తస్లీమా దాన్ని రెండుసార్లు చదివి జాగ్రత్తగా మడత పెట్టుకుంది.

"గిది చాలు కాకా."